చంటిపిల్లలతో బెజవాడ ట్రిప్: రోజుకి ఒక్కటే చూద్దామనుకున్నాం

ఈరోజు ఎపిసోడ్ చిన్నపిల్లలున్న అమ్మానాన్నల కోసం. రెండేళ్ల పాప, అయిదేళ్ల బాబు ఇంట్లో ఉంటే రెండు మూడు రోజులు ఏదైనా సిటీకి వెళ్లి ఏడుపులు, గొడవలు లేకుండా తిరిగి రావడం ఎలా? మేం ఒకసారి వెళ్లి ఫెయిల్ అయ్యాం, ఒకసారి వెళ్లి పాస్ అయ్యాం. రెండూ చెప్తాను. ఫెయిల్ అయిన కథ ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా అక్కడే.

కొత్తగా చూస్తున్నవాళ్లకి: మాది వేంసూరు. సత్తుపల్లి పక్కన, ఖమ్మం జిల్లా చివర. జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఇది ఆయన నియోజకవర్గం, ఇప్పుడైతే పామాయిల్ తోటలు, మామిడి తోటలు. ఒక పక్క భద్రాచలం అడవి దారి, ఇంకో పక్క పొలిమేర దాటితే ఆంధ్ర. మా ఆయన సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర టిప్పర్ నడుపుతారు. నైట్ షిఫ్ట్ ఎక్కువ. పొద్దున వచ్చి పడుకుంటారు, పిల్లలు గోల చేస్తే నేను "ష్, నాన్న పడుకున్నారు" అంటాను. ఒకరోజు మా పాపకి ఫ్యామిలీ ఫొటో చూపించి నాన్న ఏం చేస్తారమ్మా అని మా ఆడపడుచు అడిగితే, అది రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోతారు అని. అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వారు, కానీ ఆ రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు "ఎక్కడికైనా వెళ్దామే నాలుగు రోజులు" అన్నారు.

అట్లా మొదలైంది హైదరాబాద్ ట్రిప్. పోయినేడు ఏప్రిల్‌లో. అప్పటికి బాబుకి నాలుగున్నర, పాపకి ఏడాది దాటింది. నేను ఫోన్‌లో రీల్స్ చూసి లిస్టు రాశాను. రెండు రోజుల్లో తొమ్మిది చోట్లు. జూ, చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్, రెండు మాల్స్, ఇంకా ఏవేవో. రీల్‌లో అన్నీ పదిహేను సెకన్లే కదా. క్యూ కనపడదు, ఎండ కనపడదు, పాపకి డైపర్ మార్చే చోటు లేక గోడ పక్కన నిలబడ్డ తల్లి అసలే కనపడదు.

మనకి హైదరాబాద్ దగ్గర దగ్గర మూడొందల కిలోమీటర్లు. టైం కలిసొస్తుందని తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని నిద్రలేపి బయల్దేరాం. ఇదే మొదటి తప్పు. నిద్ర చాలని పిల్లలు పొద్దున పదికల్లా చిరాకు పడతారు, ఇక ఆ రోజంతా పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, పగటి కునుకు కూడా కలిపి. మూడు నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13. మా పాప ఆ రెండు రోజులూ కలిపి కూడా పదమూడు గంటలు పడుకోలేదు.

రెండో తప్పు, వెళ్లే చోటికి సెలవు ఎప్పుడో చూసుకోకపోవడం. ఒకచోటికి ఆటోలో గంటన్నర వెళ్లి చూస్తే గేటుకి తాళం. మీరు హైదరాబాదే వెళ్తామంటే గుర్తుపెట్టుకోండి: నెహ్రూ జూ పార్కుకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జూ 380 ఎకరాలండీ. అది ఒక్కటే ఒక రోజుకి సరిపోతుంది, దాంతోపాటు ఇంకోటి పెట్టుకోవద్దు. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం దగ్గరికి గంటకి పది నిమిషాల ముందే వెళ్లి కూర్చోండి, చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, పిల్లలు నోరు తెరిచి చూస్తారు. అది చూశాక మిగతా గ్యాలరీలు వదిలేసినా ఏం కాదు.

ఇక మూడోది. రెండో రోజు మధ్యాహ్నానికి పాపకి విరేచనాలు. బయట తిన్నదో, నీళ్లో, ఎండో తెలీదు. నేను పక్కన షాపులో ఓఆర్‌ఎస్ ఇవ్వమన్నాను, ఆయన ఒక డబ్బా జ్యూస్ ఇచ్చాడు, దాని మీద ఓఆర్‌ఎస్ అనే అక్షరాలున్నాయి. తియ్యగా ఉందని పాప గటగటా తాగింది. నేనూ ధైర్యంగా ఉన్నా, ఓఆర్‌ఎస్ పట్టించాం కదా అని. రాత్రి పదకొండుకి పాప ఒళ్లు వేలాడేసింది. పిలిస్తే కళ్లు తెరవట్లేదు, నాలుక ఆరిపోయింది. దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి పరిగెత్తాం, సెలైన్ పెట్టారు. ఆ చిన్న చేతికి సూది పెట్టడానికి నరం దొరక్క నర్సమ్మ మూడుసార్లు గుచ్చింది. మా ఆయన బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. నేను ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు.

అక్కడ డాక్టరమ్మ చెప్పింది. విరేచనాలకి అట్లాంటి తియ్యటి జ్యూస్ ఇవ్వకూడదు, చక్కెర ఎక్కువైతే విరేచనం ఇంకా పెరుగుతుంది అని. అసలు ఓఆర్‌ఎస్ అంటే మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉంటుంది. ఈ విషయం మీద హైదరాబాద్‌లోనే పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో మన దేశ ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఇలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. ఆర్డర్ ఉంది కదా అని ఊరుకోకండి, ప్యాకెట్ తిప్పి చదవండి. ఇంకో మాట: పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. దాని మీద ఎంత రాసుంటే అంత నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం పొడి గ్లాసులో వేసి కలిపితే లెక్క తప్పుతుంది. పాప మగతగా ఉన్నా, ఏం తాగకపోయినా, ఉచ్చ పోయకపోయినా ఇంట్లో చిట్కాలతో కూర్చోవద్దు, ఆసుపత్రికే.

ఇంటికొచ్చాక లెక్క చూస్తే ఆసుపత్రి బిల్లుతో కలిపి పదహారు వేలు. చీటీ పాడిన డబ్బు. డబ్బు సంగతి అటుంచండి, మా ఆయన "వీళ్లు పెద్దయ్యేదాకా ఇక ఎక్కడికీ వద్దు" అని తేల్చేశారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. లిస్టు రాసింది నేనే కదా.

పాపకి రెండేళ్లు నిండాక, నవంబర్ చివర్లో, మళ్లీ అడిగాను. ఈసారి లిస్టు లేదు. ఒకటే షరతు: రోజుకి ఒక్కటే చూస్తాం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అందరం రూములోనే ఉంటాం. "రూములో పడుకోడానికి డబ్బులు పెట్టి అంత దూరం ఎందుకే" అన్నారు. మీరు మెలకువగా ఉంటారని, అన్నాను.

ఊరు విజయవాడ. మనకి దాదాపు వంద కిలోమీటర్లు, తిరువూరు, మైలవరం మీదుగా. చిన్నపిల్లలతో ఫస్ట్ టైం వెళ్లేవాళ్లు మూడు నాలుగు గంటల్లో చేరే ఊరు చూసుకోండి. ఏదైనా తేడా వస్తే అదే రోజు ఇంటికి రావచ్చు అనే ధైర్యం ఉంటుంది. సీజన్ కూడా చూసుకోండి. బెజవాడ ఎండలు మీకు తెలుసు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పేరెత్తొద్దు. దసరాకి కొండ కింద కాలు పెట్టే చోటుండదు, డిసెంబర్‌లో భవానీలు దీక్ష విరమణకి వచ్చే రోజులు కూడా అంతే. సంక్రాంతికి బస్సులే దొరకవు. వానాకాలంలో కృష్ణకి వరదొస్తే బోట్లు ఆపేస్తారు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లొచ్చాయి, భవానీ ద్వీపం మునిగిపోయింది. కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు, ఈ రద్దీ రోజులు తప్పించి పెట్టుకోండి.

బస్సు గురించి చెప్పాలి, ఇది చాలామందికి తెలీదు. మనకి 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కదా, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు. కానీ అది తెలంగాణ సరిహద్దు వరకే. తిరువూరు ఆంధ్రలోకి వస్తుంది, అక్కణ్ణుంచి టికెట్ తీసుకోవాలి. ఆంధ్రలో స్త్రీశక్తి ఫ్రీ ఉంది కానీ అది ఆంధ్ర ఆడవాళ్లకి. అయిదేళ్ల లోపు పిల్లలకి టికెట్ ఉండదు, అయిదు నుంచి పన్నెండు దాకా హాఫ్. మా వాడు అయిదు నిండిన ఆనందంలో కండక్టర్‌కి తనే చెయ్యి చాపి "నాకు హాఫ్" అన్నాడు. ఆ టికెట్ ముక్క ఇప్పటికీ వాడి పెన్సిల్ బాక్స్‌లో ఉంది.

ఈసారి పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరాం. లేచి, స్నానం చేసి, ఇడ్లీ తిన్నాక ఇంకో గంట ఆగి. పాప రోజూ పదిన్నరకి ఒక కునుకు తీస్తుంది, ఆ కునుకు బస్సులో పడేటట్టు చూసుకున్నా. బస్సెక్కేముందు పాలు పట్టకండి, వాంతి గ్యారంటీ. వెనక సీట్లు వద్దు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సీట్లలో కుదుపు తక్కువ. ఇంకో చిన్న లెక్క: మనం ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తాం, పొద్దున ఎండ ఎడమ పక్క కొడుతుంది, అందుకని కుడి పక్క కూర్చోండి. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఎండ పడమర నుంచి, అది కూడా ఎడమ పక్కే అవుతుంది. అంటే అప్పుడూ కుడి పక్కే. మా ఆయన ఇది విని "నువ్వు టిప్పర్ నడపాల్సిందే" అన్నారు.

లగేజీ ఒకే బ్యాగ్. రెండో బ్యాగ్ ఉంటే రెండో పిల్లని ఎత్తుకునే చెయ్యి ఉండదు. అందులో పిల్లల బట్టలు రోజుకి రెండు జతలు, ఒక పాత తువ్వాలు, ఉగ్గు పొడి, జ్వరం సిరప్, డాక్టర్ రాసిచ్చిన డోసు చీటీ, అసలైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. పిల్లల చేతి మీద పెన్నుతో మా ఫోన్ నంబర్ రాశాను. ఆధార్ ఒరిజినల్ కార్డులు, కొంచెం క్యాష్ కూడా పెట్టుకోండి, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే ఏం పని చెయ్యదు.

లాడ్జి బుక్ చేసేటప్పుడు నేను ఫొటోలు చూడలేదు, ఫోన్ చేసి అడిగాను. లిఫ్ట్ ఉందా? వేడినీళ్లు ఎన్నింటి దాకా వస్తాయి? చెకౌట్ 24 గంటలా, లేకపోతే మధ్యాహ్నం పన్నెండుకా? ఇది ముఖ్యం. మధ్యాహ్నం ఒంటిగంటకి దిగేవాళ్లకి 24 గంటల చెకౌట్ అయితేనే లాభం. మంచాన్ని గోడకి జరుపుకోవచ్చా అని కూడా అడిగాను. రిసెప్షన్ అబ్బాయి "మేడం, గోడకి ఎందుకు" అన్నాడు. పెళ్లి కానట్టుంది. [నవ్వు]

మొదటి రోజు భోంచేసి పడుకున్నాం. నలుగురం. అయిదింటికి లేచి ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వెళ్లాం. ఆ రోజుకి అదొక్కటే. 1957లో పూర్తయిన బ్యారేజీ, కిలోమీటరు పైన పొడవు, డెబ్భై గేట్లు. మేం గేట్లు లెక్కపెడదామని మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆగిపోయాం, ఎందుకంటే కింద వైపు రైలు వంతెన మీద గూడ్సు బండి వచ్చింది. మా వాడు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని. "నాన్నా, అందులో ఉన్నది నీ బొగ్గేనా?" అన్నాడు. ఆయన ఏం చెప్తారా అని చూశా. "కొంచెం నాదే అయ్యుంటుంది" అన్నారు. ఇంకో బండి వచ్చేదాకా కదలం అన్నాడు వాడు. నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాం. హైదరాబాద్‌లో అయితే నేను చెయ్యి పట్టి లాక్కెళ్లేదాన్ని, ఇంకా మూడు చోట్లున్నాయి అని.

రెండో రోజు భవానీ ద్వీపం. కృష్ణ మధ్యలో 130 ఎకరాల పైన ఉన్న ద్వీపం, చెట్లు, ఆడుకునే చోటు ఉంటాయి. భవానీపురం వైపు నుంచి ఏపీ టూరిజం బోట్లు వెళ్తాయి. ఎవరో తక్కువకి తీసుకెళ్తామంటే వేరే పడవ ఎక్కొద్దు. 2017 నవంబర్‌లో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు, మర్చిపోకండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, పెద్దవాళ్లది వేస్తే పిల్లలు కిందనుంచి జారిపోతారు. మేం పొద్దున్నే వెళ్లాం, మా పిల్లలు ఉయ్యాల కంటే ఇసుకలోనే ఎక్కువ ఆడారు. పన్నెండింటికి రూముకి వచ్చేశాం.

ఆ సాయంత్రం ఏం లేదు. నిజంగా ఏమీ పెట్టుకోలేదు. అంబేడ్కర్ గారి విగ్రహం చూద్దామా అని ఒక ఆలోచన, 2024 జనవరిలో స్వరాజ్ మైదానంలో పెట్టింది, 125 అడుగులు. కానీ పిల్లలకి లాడ్జి లిఫ్టే పెద్ద వింత అయిపోయింది. మా ఊళ్లో లిఫ్ట్ ఎక్కడుంది? వాళ్ల నాన్న ఇద్దర్నీ తీసుకుని కిందకీ పైకీ ఎన్నిసార్లు తిరిగారో. నేను ఒక్కదాన్నే కిటికీ దగ్గర కూర్చుని వేడి టీ తాగాను. అయిదేళ్లలో ఫస్ట్ టైం, చల్లారకుండా.

తిండి దగ్గర ప్రయోగాలు చెయ్యలేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ పేరు వినే ఉంటారు, వెన్న వేసిన ఇడ్లీ. పిల్లలకి చట్నీ పక్కన పెట్టించి, ఉత్త ఇడ్లీ వెన్నతో పెట్టండి.

మూడో రోజు మాత్రం రూల్ తప్పాను. మా అత్తమ్మ ఫోన్: "బెజవాడ దాకా వెళ్లి అమ్మవారిని చూడకుండా వస్తారా?" మాది పల్లెటూరు అండీ, ఈ మాటకి జవాబు ఉండదు. అందరం వెళ్తే పాప క్యూలో తట్టుకోలేదు. అందుకని మా ఆయన, బాబు తెల్లారగట్ల లేచి కొండ మీదికి దేవస్థానం బస్సులో వెళ్లి, దర్శనం చేసుకుని ఎనిమిదిన్నరకి వచ్చేశారు. నేనూ పాపా పడుకున్నాం. అత్తమ్మకి కుంకుమ వచ్చింది, పాపకి నిద్ర వచ్చింది. ఇద్దరు పిల్లలుంటే ఇట్లా చెరొకరిని పంచుకోవచ్చు, అందరూ అన్నీ కలిసే చూడాలని ఎవరూ రాయలేదు.

కానీ తర్వాత కొండపల్లి ఉంది. మైలవరం వైపు తిరుగు దారిలోనే కదా అని దిగాం. అక్కడ తెల్లపొణికి అనే తేలిక కర్రతో బొమ్మలు చేస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కలు అతికిస్తారు, తర్వాత రంగులు. ఏనుగు అంబారీ, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గౌడన్న. బాబు కోసమే దిగాం. తెల్లవారుజామున లేచిన వాడు కదా, బొమ్మల షాపు బల్ల మీద పడుకుండిపోయాడు. ఒక్క బొమ్మ చేయడం కూడా చూడలేదు. ఏనుగుని తట్టి లేపి చేతిలో పెడితే "ఇది ఎక్కడిది?" అన్నాడు. రెండు పెట్టుకుంటే ఒకటి పోతుంది, అంతే. బొమ్మ కొనేవాళ్లకి ఒక మాట, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి రంగు బొమ్మ ఇవ్వకండి, షెల్ఫులో పెట్టండి.

ఖర్చు మొత్తం ఎనిమిది వేల చిల్లర, ఏనుగుతో కలిపి. ఫొటోలు తక్కువ. బ్యారేజీ మీద ఒకటి, బోటులో ఒకటి, రూములో ఒకటి. రూములోది రెండో రోజు మధ్యాహ్నం తీశాను. మా ఆయన వెల్లకిలా పడుకుని పైన ఫ్యాన్ చూస్తున్నారు, పాప ఆయన ఛాతీ మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఆయన కాలు తిమ్మిరెక్కిందంట, కదిలితే లేస్తుందని గంటసేపు అట్లాగే ఉన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో భద్రాచలం, పర్ణశాల పిల్లలతో ఒక రోజులో ఎట్లా వెళ్లి రావాలో చెప్తాను. ఉంటానండీ, పాప లేచింది.